సమాధుల పండుగ బైబిల్లో ఉందా?

అక్టోబర్ ఆఖరి వారం వచ్చిందంటే మా వైపు క్రైస్తవుల సమాధుల తోటలో తడి సున్నం వాసన మొదలవుతుంది. ఏడాది పొడవునా సర్కారు తుమ్మ కమ్మేసిన చోటికి కత్తులు, పలుగులు వస్తాయి. సిలువ మీద వెలిసిపోయిన పేరుకి నల్ల పెయింటు, గట్టుకి తెల్ల సున్నం. నవంబర్ 2 సాయంత్రానికి బంతిపూల దండలు, అగరొత్తులు, వరసగా కొవ్వొత్తులు. పోయినవాళ్లకి ఇష్టమైన తినుబండారాన్ని ఆకులో పెట్టేవాళ్లూ ఉంటారు. గాలికి ఆరిపోయిన కొవ్వొత్తిని పక్క సమాధి కొవ్వొత్తితో మళ్లీ వెలిగించుకుంటూ, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పిల్లలు పెద్దవాళ్లతో కబుర్లు చెప్పుకుంటారు. దీన్ని సమాధుల పండుగ అంటాం. కొన్ని ఊళ్లలో ఆత్మల పండుగ అంటారు.

ఎవరో ఒక కుర్రాడు ఏటా అదే ప్రశ్న వేస్తాడు. "అసలు ఇది బైబిల్లో ఉందా?"

జవాబులు మూడు రకాలుగా వస్తాయి. పెద్దవాళ్లు "మా నాయన చేశాడు, మేం చేస్తున్నాం" అంటారు. ఆ రోజు పొద్దున్నే వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ ఇది అన్యుల దయ్యాల పండుగనీ, హాలోవీన్‌కి తమ్ముడనీ చెబుతుంది. ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) బంధువు ఒకాయన "మీ బైబిల్లో లేదు, మా బైబిల్లో ఉంది" అని నవ్వేస్తాడు. ముగ్గురిలో ఎక్కువ నిజం చెప్పింది నవ్వులాటగా అన్న ఆ మూడో ఆయనేనని నా అభిప్రాయం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

చిక్కు ఎక్కడంటే, సమాధుల పండుగ ఒకరు ఒకరోజు పెట్టింది కాదు. సమాధి దగ్గరికి ఏటా వెళ్లడం ఒక కాలంలో మొదలైంది, పోయినవాళ్ల కోసం ప్రార్థించడం ఇంకో దారిలో వచ్చింది. నవంబర్ అనే నెల మరెక్కడో కుదిరింది, 2వ తారీఖుని ఫ్రాన్స్‌లోని ఒక మఠం పెట్టింది. వీటన్నిటినీ కలిపి ఒకే మాటతో "అన్యాచారం" అన్నా, "వాక్యానుసారం" అన్నా తప్పే అవుతుంది.

పోయినరోజే పుట్టినరోజు

ప్రకటన గ్రంథం చదివినవాళ్లకి స్ముర్న పేరు తెలుసు, ఏడు సంఘాల్లో ఒకటి. ఇప్పుడది టర్కీలోని ఇజ్మీర్. క్రీ.శ. 155 ప్రాంతంలో అక్కడి బిషప్పు పోలికార్పుని స్టేడియంలోకి లాక్కొచ్చారు. బాగా ముసలాయన. సీజరు మీద ఒట్టేసి క్రీస్తుని దూషిస్తే వదిలేస్తానన్నాడు రోమన్ అధికారి. ఎనభై ఆరేళ్లుగా ఆయన్ని సేవిస్తున్నాను, నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు, నా రాజుని ఎలా దూషించను అన్నాడు పోలికార్పు. మంటల్లో పెట్టి, చివరికి కత్తితో పొడిచి చంపారు. జరిగిందంతా స్ముర్న సంఘం ఫిలోమేలియం అనే ఊరి సంఘానికి ఉత్తరంగా రాసింది. ఆ ఉత్తరం మనదాకా వచ్చింది.

అందులో చివరి వైపు కొన్ని వాక్యాలున్నాయి. ఆయన ఎముకలు తమకి రత్నాల కంటే విలువైనవట, బంగారం కంటే మేలైనవట. వాటిని ఏరుకొచ్చి తగిన చోట ఉంచారు. ఇకమీదట వీలైనప్పుడల్లా అక్కడ కూడుకుని, ఆయన హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చినవాడు) అయిన రోజుని పుట్టినరోజుగా సంతోషంతో జరుపుకుంటామని రాశారు. చనిపోయినరోజు కాదు, పుట్టినరోజు. అసలు జీవితంలోకి పుట్టిన రోజు అన్నమాట. సమాధి దగ్గర ఏటా కూడే క్రైస్తవ ఆచారానికి మన దగ్గరున్న అతి పాత సాక్ష్యం ఇదే. అప్పటికి క్రిస్మస్ లేదు. ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్కాలం లేదు. చర్చి అని చెప్పుకునే పెద్ద కట్టడం లేదు.

మామూలు పుట్టినరోజులంటే తొలి క్రైస్తవులకి పెద్ద మోజు లేదు. లేఖనాల్లో పుట్టినరోజు చేసుకున్నది ఫరో, హేరోదు లాంటి పాపులే తప్ప పరిశుద్ధులెవరూ కారని 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఓరిగెన్ దెప్పిపొడిచాడు. వాళ్ల క్యాలెండర్ నిండింది పోయినరోజులతో. రోమ్‌లో 354 నాటి ఒక క్యాలెండర్ పుస్తకం నకళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఏ హతసాక్షిని ఏ తారీఖున ఏ శ్మశానంలో తలుచుకోవాలో చెప్పే జాబితా అందులో ఒకటి. ఆ జాబితాలో మొదటి వరస డిసెంబర్ 25, "యూదయ బేత్లెహేములో క్రీస్తు జననం". క్రిస్మస్ తారీఖుకి దొరికిన మొట్టమొదటి గట్టి ఆధారం అది. అంటే క్రిస్మస్ అనే పండుగ మనకి తొలిసారి కనబడేది సమాధుల జాబితాలోనే. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నేను కాసేపు నమ్మలేదు.

మోనికా బుట్ట

రోమన్లకి కూడా పెద్దలకి పెట్టుకోవడం ఉంది. ఫిబ్రవరి 13 నుంచి 21 దాకా పరెంటాలియా. కుటుంబాలన్నీ ఊరి బయట సమాధుల దగ్గరికి వెళ్లి పూలు, ఉప్పు, వైన్‌లో నానిన రొట్టె పెట్టేవాళ్లు. కొన్ని సమాధులకి లోపలికి వైన్ పోసేందుకు గొట్టాలు కూడా అమర్చి ఉండేవి. క్రైస్తవులైనంత మాత్రాన ఈ అలవాటు ఒక్కరోజులో ఎలా పోతుంది? రోమ్‌లో ఆప్పియన్ రోడ్డు మీద ఇప్పుడు సెబాస్టియన్ చర్చి ఉన్న చోట, పేతురు పౌలుల పేరు మీద అక్కడ భోజనం చేశామని 3వ శతాబ్దపు జనం గోడల మీద గీకిన రాతలు బయటపడ్డాయి. మనవాళ్లు గుడి గోడ మీద పేర్లు చెక్కినట్టే.

ఈ ఆచారాన్ని దగ్గరగా చూడాలంటే ఒక ఆడమనిషి వెనకే నడవాలి. తర్వాత బిషప్పూ, పేరుపడ్డ క్రైస్తవ పండితుడూ అయిన అగస్టీన్ తల్లి మోనికా. ఉత్తర ఆఫ్రికా నుంచి కొడుకు కోసం ఇటలీ వచ్చి, 385 ప్రాంతంలో మిలాన్‌లో ఉంటోంది. సొంత ఊళ్లో చేసినట్టే ఒక బుట్టలో అంబలి, రొట్టె, వైన్ పట్టుకుని హతసాక్షుల సమాధుల దగ్గరికి బయల్దేరింది. తను తాగేది తక్కువ. నీళ్లు కలిపిన ఒక్క గిన్నెడు వైన్‌నే అన్ని సమాధులకీ తిప్పుకుంటూ, ఒక్కో చోట ఒక్కో గుక్క వేసేది. తలుపు దగ్గర కాపలావాడు ఆపేశాడు. బిషప్పు ఆంబ్రోజ్ గారు వద్దన్నారు అని చెప్పాడు. తాగుబోతులకి అది సాకు అవుతోందనీ, అన్యుల పరెంటాలియాకి మరీ దగ్గరగా ఉందనీ ఆయన నిషేధించాడు.

మోనికా మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. కొడుకు తన ఆత్మకథలో ఈ సంగతి రాస్తూ ఒక కొంటె మాట కలిపాడు. వద్దన్నది అమ్మకి అంత ఇష్టమైన ఆంబ్రోజ్ కాక ఇంకెవరైనా అయ్యుంటే ఇంత తేలిగ్గా వినేది కాదేమో అని. ఆ తర్వాత నుంచి బుట్టకి బదులు ప్రార్థన తెచ్చింది, బుట్టలో తేవాల్సినది పేదవాళ్లకి ఇచ్చింది.

ఈ చిన్న సీన్‌లో పెద్ద మలుపు ఉంది. ఆంబ్రోజ్ సమాధికి రావద్దనలేదు. పోయినవాళ్లకి పెట్టే ముద్దని పేదవాడి చేతికి మళ్లించాడు. అలవాటుని తెంపకుండా దారి మార్చడం అనే ఈ పద్ధతి తర్వాత వెయ్యేళ్లు చర్చిలో పదే పదే కనబడుతుంది. దీన్ని "అన్యుల నుంచి కాపీ" అనడం తేలిక. కానీ కాపీ కొట్టినవాడు తలుపు దగ్గర కాపలా పెట్టడు కదా.

387లో రోమ్ పక్కన ఓస్టియా రేవులో మోనికా చనిపోయింది. ఆఫ్రికాలో భర్త పక్కన తనని పెట్టాలని ఎన్నో ఏళ్లు ఆశపడిన మనిషి, చివరికి ఆ మాటే వదిలేసింది. ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, మీరు ఎక్కడున్నా ప్రభువు బల్ల దగ్గర నన్ను తలుచుకోండి అని కొడుకులకి చెప్పింది.

ఇక్కడ ఒక తేడా పట్టుకోకపోతే ముందుకెళ్లలేం. పోలికార్పు లాంటి హతసాక్షి సమాధి దగ్గరికి వెళ్లేవాళ్లు ఆయన కోసం ప్రార్థించరు, మా కోసం మీరు ప్రార్థించండి అని ఆయన్నే అడుగుతారు. హతసాక్షి కోసం ప్రార్థించడం ఆయన్ని అవమానించినట్టే అని అగస్టీన్ ఒక ప్రసంగంలో అన్నాడు కూడా. మోనికా లాంటి మామూలు మనిషి సంగతి వేరు. ఆమె కోసం ప్రార్థిస్తారు. నవంబర్ 1, నవంబర్ 2 రెండు వేరే పండుగలు ఎందుకయ్యాయో ఈ తేడాలోనే ఉంది. మొదటిది సకల పునీతుల పండుగ, అంటే పరలోకం చేరిన పరిశుద్ధులందరి పండుగ, వాళ్లని అడిగే రోజు. రెండోది మృతుల స్మరణ, వాళ్ల కోసం అడిగే రోజు.

బైబిల్లో ఉందా అని అడిగే కుర్రాడు అప్పుడూ ఉన్నాడు. పేరు విజిలాంటియస్, గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) దేశపు ప్రెస్‌బిటర్, అంటే పాదిరి. పట్టపగలు హతసాక్షుల సమాధుల దగ్గర కొవ్వొత్తుల గుట్టలు వెలిగించడం ఏంటి, ఇది అన్యుల పని కాదా అని రాశాడు. 406లో బేత్లెహేము నుంచి జెరోమ్ ఒక్క రాత్రిలో కూర్చుని బూతులకి కాస్త ఇటుగా జవాబు రాశాడు. మేం వెలిగించేది రాత్రి జాగారానికి, పగటి పూట కాదు, ఒకవేళ అమాయకులు ఎవరైనా భక్తికొద్దీ వెలిగిస్తే నీకేం నష్టం అని. జెరోమ్ మహా పండితుడే గానీ వాదన మర్యాదలో మాత్రం మన ఫేస్‌బుక్ కామెంట్లకి తాతలాంటివాడు.

ఏ బైబిల్లో?

ఇప్పుడు ఆ ఆర్‌సీఎం బంధువు మాటకి వద్దాం. మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో ఒక కథ ఉంది. యుద్ధంలో పడిపోయిన యూదు సైనికుల్ని పూడ్చబోతే వాళ్ల బట్టల కింద విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి. నాయకుడు యూదా మక్కబీయుడు చందా వసూలు చేసి, 2 వేల వెండి నాణేలు యెరూషలేముకి పంపి, వాళ్ల పాపం పోవడానికి బలి అర్పించమంటాడు. పునరుత్థానం మీద నమ్మకం లేకపోతే చచ్చినవాళ్ల కోసం ప్రార్థించడం వ్యర్థం కదా అని గ్రంథకర్త వ్యాఖ్యానం.

కథోలికుల బైబిల్లో 73 గ్రంథాలు, అందులో ఇది ఉంది. ప్రొటెస్టంట్ల బైబిల్లో 66, ఇది లేదు. అదీ సంగతి. "బైబిల్లో ఉందా" అన్న ప్రశ్నకి ముందు "ఏ బైబిల్లో" అన్న ప్రశ్న వేసుకోవాలి. నవంబర్ 2 అనే తారీఖు మాత్రం ఎవరి బైబిల్లోనూ లేదు.

నవంబర్ ఎలా వచ్చింది

హతసాక్షుల సంఖ్య పెరిగి, ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇస్తే క్యాలెండర్ సరిపోని పరిస్థితి వచ్చింది. తూర్పు సంఘాలు అందరికీ కలిపి పెంతెకోస్తు (ఈస్టర్ నుంచి యాభయ్యో రోజు పండుగ) తర్వాతి ఆదివారం పెట్టుకున్నాయి, ఆర్థడాక్స్ వాళ్లు ఇప్పటికీ ఆ రోజే చేస్తారు. రోమ్‌లో పోపు నాలుగో బోనిఫేస్ 609లో పాంథియాన్ అనే పాత దేవాలయాన్ని చక్రవర్తి దగ్గర అడిగి తీసుకుని, మే 13న దాన్ని మరియమ్మకీ హతసాక్షులందరికీ అంకితం చేశాడు. నవంబర్ 1 అనే తారీఖు 800 నాటికి ఇంగ్లండ్, ఫ్రాంకుల చర్చిల్లో కనబడుతుంది. 835లో లూయీ చక్రవర్తి తన రాజ్యమంతటా దాన్ని ఖాయం చేశాడు.

మరి హాలోవీన్? ఐరిష్ కెల్టుల సంహైన్ అనే చలికాలపు పండుగ నవంబర్ 1నే వస్తుంది కాబట్టి, చర్చి దాన్ని మింగేసిందని వాట్సాప్ పండితుల థియరీ. దీనికి ఒక ఇబ్బంది ఉంది. ఐర్లండ్‌లోనే 800 ప్రాంతంలో రాసిన పునీతుల క్యాలెండర్ యూరప్ పునీతులందరి పండుగని ఏప్రిల్ 20న చూపిస్తుంది. సంహైన్ చేసుకునే దేశమే ఆ పండుగని నవంబర్‌లో పెట్టుకోనప్పుడు, సంహైన్ కోసమే తారీఖు మారిందంటే ఎలా నమ్మడం? హాలోవీన్ అనే మాటకే అర్థం పునీతుల పండుగ ముందు రాత్రి అని. మన పండుగ హాలోవీన్‌కి తమ్ముడు కాదు. ఆ పేరే పునీతుల పండుగ నుంచి పుట్టింది.

క్లూనీ లెక్కల పుస్తకం

ఇక 2వ తారీఖు. అక్విటేన్ ప్రభువు విలియం 910 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో బర్గండీలోని తన వేట స్థలం ఒకటి బెనెడిక్ట్ నియమం పాటించే సన్యాసులకి రాసిచ్చాడు. అదే క్లూనీ. దానపత్రంలో ఒక షరతు పెట్టాడు. తనతో సహా ఏ ప్రభువూ, ఏ బిషప్పూ ఆ మఠం ఆస్తి మీద చెయ్యి వెయ్యకూడదు, అది పేతురు పౌలులకి చెందుతుంది. ఆ కాలంలో మఠాలు జమీందార్ల చేతిలో కీలుబొమ్మలు. ఈ ఒక్క షరతు క్లూనీని ఎక్కడికో తీసుకెళ్లింది. రెండు శతాబ్దాల్లో యూరప్ అంతటా వందల మఠాలు దాని కిందికి వచ్చాయి.

అక్కడి సన్యాసులు పొలం పని తక్కువ, ప్రార్థన ఎక్కువ చేసేవాళ్లు. రోజులో చాలా గంటలు పాడటమే. ఎవరి కోసం? దానం ఇచ్చినవాళ్ల కోసం, వాళ్ల తాతల కోసం. భూమి ఇచ్చిన కుటుంబం పేర్లు మఠం పుస్తకంలోకి ఎక్కుతాయి. ఒక్క క్లూనీలోనే కాదు, ఇప్పటి జర్మనీలో రైఖెనావ్ దీవి మఠంలో 824 ప్రాంతంలో మొదలుపెట్టిన పుస్తకంలో 38 వేలకు పైగా పేర్లున్నాయి. రాజు పేరు పక్కన ఊరూపేరూ తెలియని ఆడమనిషి పేరు. ఒక మఠంలో పెద్ద చనిపోతే తోలు చుట్ట పట్టుకుని కబురుమనిషి మఠం నుంచి మఠానికి నడిచేవాడు. ప్రతి మఠం మేమూ ప్రార్థించాం అని దాని మీద రాసి, అడుగున కొత్త తోలు కుట్టి పంపేది. చుట్ట మీటర్ల కొద్దీ పెరిగిపోయేది.

క్లూనీకి ఐదో అధిపతి ఓడిలో. 994 నుంచి 1049 దాకా, యాభై నాలుగేళ్లు. 998కీ 1030కీ మధ్య ఎప్పుడో ఒక ఆజ్ఞ రాయించాడు. మన మఠాలన్నిట్లో నవంబర్ 1న పునీతుల పండుగ ఎలా చేస్తామో, మర్నాడు లోకం మొదలైనప్పటి నుంచీ విశ్వాసంలో చనిపోయిన వాళ్లందరినీ అలా తలుచుకోవాలి. ముందు రోజు సాయంత్రం గంటలన్నీ మోగాలి. మర్నాడు పూజలు. వచ్చిన పేదలకి రొట్టె, వైన్ పంచాలి.

ఇందులో కొత్తదనం మృతుల కోసం ఒక రోజు పెట్టడం కాదు. స్పెయిన్‌లో ఇసిడోర్ 7వ శతాబ్దంలోనే తన మఠ నియమంలో పెంతెకోస్తు మర్నాడు అలాంటి రోజు పెట్టాడు. ఓడిలో చేసింది "అందరినీ" అనడం. అప్పటిదాకా పుస్తకంలో పేరు ఎక్కాలంటే భూమి ఉండాలి, లేదా మఠంలో చుట్టరికం ఉండాలి. పేరు రాయించుకోలేనివాడి కోసం, ఎవరూ గుర్తుపెట్టుకోనివాడి కోసం ఆ ఒక్కరోజు.

తర్వాత దీనికి ఒక కథ అల్లుకుంది. ఓడిలో శిష్యుడు జోత్సాల్డ్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. యెరూషలేము యాత్ర నుంచి తిరిగొస్తున్న ఒకడు తుఫానుకి రాతి దీవికి కొట్టుకుపోయాడట. అక్కడి తపసి అడిగాడట, క్లూనీ నీకు తెలుసా అని. ఇక్కడ దగ్గర్లో మంటలు లేస్తుంటాయి, దయ్యాల ఏడుపులు వినబడుతుంటాయి, మా చేతుల్లోంచి ఆత్మల్ని లాగేస్తున్నారని అవి తిట్టుకునేది ఎక్కువగా ఆ క్లూనీ వాళ్లనే అన్నాడట. యాత్రికుడు వచ్చి ఓడిలోకి చెప్పాడు, ఓడిలో పండుగ పెట్టాడు. ఒక సంస్థకి దయ్యాల నోటితో సర్టిఫికెట్ ఇప్పించడం కన్నా మంచి ప్రచారం ఇంకేముంటుంది? కథ ఎంత నిజమో గానీ, క్లూనీ తనని తాను ఎలా చూసుకుందో అందులో బాగా తెలుస్తుంది.

మోనికా బుట్ట ఇక్కడ మళ్లీ కనబడుతుంది. క్లూనీలో సన్యాసి చనిపోతే ముప్ఫై రోజుల పాటు అతని వంతు భోజనం ఒక పేదవాడికి పెట్టేవాళ్లు. ఏటా అతను పోయినరోజున మళ్లీ పెట్టేవాళ్లు. మంచిదే. కానీ చనిపోయేవాళ్లు ఏటా పెరుగుతారే తప్ప తగ్గరు. వందేళ్లు గడిచేసరికి పోయినవాళ్ల పేరు మీద లేచే విస్తళ్లు బతికున్న సన్యాసుల విస్తళ్లని మించిపోయే పరిస్థితి. 12వ శతాబ్దంలో మఠాధిపతి పీటర్ చివరికి రోజుకి యాభై మందికి మించి పెట్టకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. పోయినవాళ్లు బతికున్నవాళ్ల నోటి దగ్గర కూడు తీస్తున్నారన్న మాట.

నవంబర్ 2 క్లూనీ మఠాల దారి పట్టుకుని యూరప్ అంతా పాకింది. పోపు ఆజ్ఞ వల్ల వచ్చింది కాదు. రోమ్ దాన్ని తీరిగ్గా, కొన్ని శతాబ్దాల తర్వాత ఒప్పుకుంది. ఈలోపు దాని వెనకున్న నమ్మకం గట్టిపడింది. పాపం పూర్తిగా తీరని ఆత్మలు శుద్ధి అయ్యే చోటుని తెలుగు కథోలికులు ఉత్తరించు స్థలం అంటారు. ఆ భావం పాతదే అయినా, ఒక "స్థలం"గా లాటిన్‌లో దానికి ప్రత్యేకమైన పేరు పడింది 12వ శతాబ్దం చివర్లోనే. స్థలం ఏర్పడ్డాక అక్కడ ఎన్నాళ్లుండాలి, ఎంతకి తగ్గుతుంది అన్న లెక్కలు మొదలయ్యాయి. లెక్కలు మొదలయ్యాక డబ్బు రాకుండా ఎలా ఉంటుంది?

మూడు రోజుల వరస

1517 అక్టోబర్ 31. విటెన్‌బర్గ్ కోట చర్చి పేరే సకల పునీతుల చర్చి, మర్నాడు దాని పండుగ. అక్కడి ప్రభువు పోగేసిన పునీతుల వేల అస్థికల్ని చూడ్డానికి, పాపశిక్ష తగ్గించుకోడానికి జనం వస్తారు. సరిగ్గా ముందు రోజు, తర్వాత ప్రొటెస్టంట్ ఉద్యమానికి మూలమైన సన్యాసి లూథర్, డబ్బుకి పాపశిక్ష తగ్గింపు అమ్మడాన్ని తప్పుపట్టే తన 95 వాదాల్ని ఆర్చిబిషప్పుకి పంపాడు. తలుపుకి మేకులు కొట్టాడా లేదా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. పెట్టెలో నాణెం గలగలమనగానే ఆత్మ ఉత్తరించు స్థలం నుంచి ఎగిరిపోతుందనేవాళ్లని 27వ వాదం ఎత్తిపొడుస్తుంది. అప్పటికి ఆయన ఆ స్థలం లేదనలేదు. 1530లో అన్నాడు. ప్రొటెస్టంట్లకి మృతుల కోసం చేసే పూజలు, దాంతోపాటు నవంబర్ 2, అలా పోయాయి.

1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాడు. ఆయనా, నెల్లూరుకీ ఒంగోలుకీ వచ్చిన బాప్టిస్టులూ తెచ్చిన బైబిల్లో 66 గ్రంథాలే. వాళ్ల బోధలో మృతుల కోసం ప్రార్థన లేదు. అయినా ఇవాళ ఆంధ్రలో, తెలంగాణలో నవంబర్ 2న కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లేవాళ్లలో కథోలికులే కాదు, లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు కూడా ఉంటారు. లూథరన్ చర్చిలో అక్టోబర్ 31 దగ్గరి ఆదివారం సంస్కరణ దినం చేసి లూథర్ గొప్పతనం మీద ప్రసంగం వింటారు. ఆ రోజుల్లోనే, అదే కుటుంబం, లూథర్ వద్దన్న తారీఖున సున్నం బకెట్ పట్టుకుని బయల్దేరుతుంది.

దీన్ని అజ్ఞానం అనలేను. తోట ఒకటే, చుట్టాలు కలిసిపోయారు. ఒక అన్న ఆర్‌సీఎం, తమ్ముడు లూథరన్, నాన్న సమాధి ఒకటి. అన్న సున్నం వేస్తుంటే తమ్ముడు సిద్ధాంతం చెప్పి ఇంట్లో కూర్చుంటాడా? పైగా సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టే, పెత్రమాసకి బియ్యం ఇచ్చే ఊళ్లో, మా పెద్దల్ని మేం ఎప్పుడు తలుచుకోవాలి అన్న ప్రశ్న వేరే మతంలోకి మారినంత మాత్రాన ఆరిపోదు. మోనికా ఊళ్లో ఏం జరిగిందో ఇక్కడా అదే జరిగిందనుకుంటాను.

ప్రొటెస్టంట్లకి తమదైన సమాధుల రోజు ఇంకోటి ఉంది కూడా. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే ప్రొటెస్టంట్ సంఘం యువకులు కొందరు ఈస్టర్ నాడు పొద్దు పొడవక ముందే కొండ మీది సమాధుల తోటకి వెళ్లి పాటలు పాడారు. ఆ తెల్లవారుజాము ఆరాధన ప్రపంచమంతా వ్యాపించింది. మన ఊళ్లలో ఈస్టర్ నాడు చీకటితోనే సమాధుల దగ్గర ప్రార్థన పెట్టే సంఘాలున్నాయి. వాటిలో దుఃఖం తక్కువ, పాటలు ఎక్కువ. పోలికార్పు పుట్టినరోజుకి ఇదే దగ్గరని నాకనిపిస్తుంది.

పోయిన ఏడాది నవంబర్ 2న ఒక పాస్టరు గారి ప్రార్థన జాగ్రత్తగా విన్నాను. ఒక్క మాట జారలేదు. "ప్రభువా, వీరి జీవితాల కోసం నీకు స్తోత్రం, మిగిలిన కుటుంబాల్ని ఆదరించు" అన్నారు గానీ, పోయినవాళ్లకి ఏదీ అడగలేదు. అంత్యక్రియల ఆర్భాటం పోయినవాళ్లకి సాయం కన్నా బతికున్నవాళ్లకి ఓదార్పే అని 421 ప్రాంతంలో అగస్టీన్ ఒక బిషప్పుకి రాసిన మాట గుర్తొచ్చింది. పాస్టరు గారు ఆమెన్ అనగానే, నా పక్కనున్న ముసలామె చెంగుముడి విప్పి రెండు అరిసెలు తీసి, ఆయన చూడకుండా, భర్త సిలువ కింద పెట్టింది. అక్కడే తిరుగుతున్న ఒక పిల్లాడు అవి ఎప్పుడు దొరుకుతాయా అని చూస్తున్నాడు. ఆమె ఒకటి తీసి వాడి చేతిలో పెట్టింది.